ఒక్క కన్ను దెమెలాష్

తికిమ్త్ 4

తమ్ముడు యారెద్ ఇంకా లాకప్‌లోనే ఉన్నాడు. దెమెలాష్ గారి కొత్త బిల్డింగ్ మీద స్ప్రేతో దేవదూతల్ని గీస్తూ దొరికిపోయాడు వెధవ. ఇంజెరా రొట్టెలూ షిరో కూరా పట్టుకెళ్తే పోలీసు మూత తీసి వాసన చూసి, షిరో ఘుమఘుమలాడుతోంది, నువ్వే వండావా అన్నాడు. వాడి దాకా చేరిందో లేదో. ఏడుపొచ్చింది.

తికిమ్త్ 6

దెమెలాష్ గారు పిలిపించారు. కంప్లయింట్ వెనక్కి తీసుకుంటారట. రౌండ్‌అబౌట్ పక్కన నేను గీస్తున్న సెయింట్ గియోర్గిస్ గోడ మీద ఆయన్నీ గీయాలట. సెయింట్ ఎక్కిన తెల్ల గుర్రం పక్కన, గుర్రమంత ఎత్తున. బొమ్మకి డబ్బిచ్చిన దాతల్ని సెయింట్ కాళ్ళ దగ్గర బోర్లా పడుకోబెట్టి గీయడం మా పద్ధతండీ అన్నాను. నేనెందుకు పడుకుంటానమ్మా, నాకేం నడుం నొప్పా అని నవ్వారు.

తికిమ్త్ 7

నాన్నకి చెప్పాను. జీవితమంతా చర్చి గోడలకి బొమ్మలు వేసిన మనిషి. నా స్ప్రే క్యాన్లని పురుగుల మందు డబ్బాలంటాడు. మంచివాళ్ళకి నిండు ముఖం, రెండు కళ్ళు. పాపాత్ములకి పక్క ముఖం, ఒక్క కన్ను. పాలతో పాటు తాగించానే ఈ సంగతి అన్నాడు. మార్కెట్ వెనక ఇళ్ళన్నీ కూలగొట్టించినవాడికి రెండు కళ్ళు పెడతావా, రేపు ముసలమ్మలంతా వాడికీ దణ్ణం పెట్టుకోవాలా అని అరిచాడు.

కాసేపటికి తనే, యారెద్ తింటున్నాడా అని మెల్లగా అడిగాడు.

తికిమ్త్ 8

రెండూ పెడితే పేటలో తలెత్తుకోలేను. ఒక్కటి పెడితే తమ్ముడు రాడు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

తికిమ్త్ 11

గీసేశాను. నాన్న నేర్పిన నల్ల గీత, దాని చుట్టూ నా గులాబీ స్ప్రే అక్షరాలు. పక్క ముఖం. ఒక్క కన్ను. చెయ్యి అటే పోయింది. నాకు పిచ్చి పట్టింది, ఇంకేం చెప్పను.

దెమెలాష్ గారు వచ్చి చూశారు. ఏడేళ్ళకే హాస్టల్‌కి, అట్నుంచి అటే విదేశానికి వెళ్ళిన మనిషి. మా బొమ్మల పద్ధతి ఏమీ తెలీదు! ప్రొఫైల్ అదిరిందమ్మా, నాణెం మీద రాజులా ఉన్నాను అన్నారు. వెనక ఆడవాళ్ళు శాలువాలు నోట్లో కుక్కుకున్నారు. కాఫీ అమ్మే త్సెహై మాత్రం, అచ్చం మీరేనండీ, ఇంతకన్నా బాగా ఎవరూ గీయలేరు అంది. దాన్ని చంపెయ్యాలనిపించింది.

రేపు పల్లె నుంచి దెమెలాష్ గారి అమ్మ వస్తుందట. ఆవిడ చూశాకే స్టేషన్‌కి ఫోన్ చేస్తారట. మా అమ్మ చర్చి గడప వదలదమ్మా, చాలా సంతోషిస్తుంది అన్నారు.

అదే రోజు, సాయంత్రం

మళ్ళీ గీద్దామని సున్నం పట్టుకెళ్ళాను. గోడకి కాపలా పెట్టించారు. ఎవరూ పాడుచేయకుండానట. యారెద్, నన్ను క్షమించరా.

తికిమ్త్ 12

ఆవిడ గోడ ముందు చాలాసేపు నిలబడింది. గియోర్గిస్‌కి మొక్కింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, బాగుంది నాయనా, ఆ పిల్లాణ్ణి వదిలెయ్యమను అంది. ఆయన అక్కడే ఫోన్ చేశారు.

కారెక్కే ముందు నా చెయ్యి పట్టుకుంది. హాస్టల్‌కి పంపినప్పుడు వాడికి రెండూ ఉండేవమ్మా అంది.