షేడ్ క్లాత్ తీసిన వదినకు

త్రివేణి వదినకు,

ఫోన్‌లో మీరు నన్ను మాట్లాడనివ్వరు కాబట్టి రాస్తున్నాను.

మా ఇంటికి వచ్చి ఉన్నారు కదా అని, మేం ఫ్రిస్కోలో పెళ్లికి వెళ్లిన నాలుగు రోజులూ మొక్కలకు నీళ్లు పోయమన్నాను. అంతే అడిగాను. ఎండ పడకుండా వాటి మీద కట్టిన షేడ్ క్లాత్ ఎందుకు తీశారు? "పాపం, మొక్కలన్నాక ఎండ తగలద్దూ?" అన్నారట మీ తమ్ముడితో. చలి ఊరు మీ ట్రాయ్‌లో ఎండ కోసం కుండీలను కిటికీ దగ్గరికి మోస్తారు. ఇది ఫీనిక్స్. ఆ వారం నూట పద్నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్.

బెండ, గోంగూర ఎలాగో బతికాయి. పోయింది నా చిన్న టమాటా. పెద్ద రకాలన్నీ ఈ వేడికి పూత రాల్చేస్తుంటే, జూన్‌లో కూడా కాయ నిలిపిన ఒకే ఒక్క మొక్క నుంచి విత్తనం తీశాను. ఐదేళ్లుగా ఏటా అలాగే ఏరుకుంటూ వచ్చాను. ఈసారి విత్తనానికని ఉంచిన కాయలు చెట్టునే ఉడికిపోయాయి.

పైగా మొన్న అందరి ముందూ "మా మరదలికి చేతివాసి లేదు" అని నవ్వారు. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పు.

నా దగ్గరున్న విత్తనమంతా ఈ ఏడే నాటేశాను. ఇక ఆ రకం ఎక్కడైనా మిగిలుంటే మీ ఇంట్లోనే. పోయినేడు నేనిచ్చిన పొట్లం మీరు విప్పి కూడా చూసి ఉండరు. విప్పలేదనే నా ఆశ. పదో పన్నెండో గింజలుంటాయి, వెంటనే పోస్ట్ చేయండి.

అందులో సలహా చీటీ ఏదీ పెట్టొద్దు.

మీ మరదలు