పక్క సీటు బరువు

2 జనవరి 1976, శుక్రవారం

మోటారు క్లబ్ సెక్రటరీ చీటీ పంపాడు. ఫిబ్రవరి ఆరున పంజాగుట్ట మీద హిల్ ట్రయల్. ఈసారి కప్పుకి మా ఆయన పేరు పెడతారట. మా ఆస్టిన్ సెవెన్ కారు నన్నే నడపమంటున్నారు.

ఆయన పోయి సరిగ్గా ఏడు వారాలు. పోయినసారి ట్రయల్ అయిన సాయంత్రమే పోయాడు. హఠాత్తుగా అన్నారు అందరూ. నేను కాదనలేదు.

4 జనవరి

బండి మీద గుడ్డ తీసి చూశాను. 1934 మోడల్. తన దేశం వెళ్లిపోతూ ఓ ఇంగ్లీషు ఇంజనీరు మాకు వదిలేసిన బండి.

ట్రయల్ అంటే వేగం కాదు. రాళ్ల గుట్ట మీదికి పన్నెండు గుర్తులు. ఆగకుండా ఎన్ని గుర్తులు దాటితే అన్ని మార్కులు. చక్రాలు జారితే పక్క సీటువాడు ఎగిరెగిరి పడాలి, వెనక చక్రాలకు పట్టు దొరికేలా. తేలికైనవాళ్లు నడపాలి, బరువైనవాళ్లు ఎగరాలి. నేను యాభై కిలోలు, ఆయన తొంభై. స్టీరింగ్ నాకలా వచ్చింది. మీ ఆవిడ డ్రైవరు, నువ్వు సిమెంటు బస్తావా అని క్లబ్బులో ఏడిపించేవాళ్లు. బస్తా లేందే బండి కదలదు దొరా అనేవాడు ఆయన, నవ్వుతూ.

ఆ నవ్వు ఎలా ఉండేదో అప్పుడే సరిగ్గా గుర్తుకు రావడం లేదు.

9 జనవరి

ఆయన అక్క, లస్మవ్వ వదిన, ఎవరితోనో ఉత్తరం రాయించింది. చిన్నప్పుడు తల్లి పోతే ఆయన్ని ఎత్తుకుని పెంచింది ఆవిడే. నా తమ్ముడు ఎట్ల పోయిండో ఒక్క ముక్క రాయవేందమ్మా, ముందుగాల నొప్పి అన్నడా, ఏమన్న చెప్పిండా అని.

10 జనవరి

రాయలేదు.

16 జనవరి, శుక్రవారం

నిసార్ అహ్మద్‌తో ప్రాక్టీసు. మా ఆయన కంపెనీలో మెకానిక్, కడప మనిషి, పుల్లలా ఉంటాడు. సారు మాదిరి ఎగిరేదానికి నాకు వొళ్లేది మేడమ్మా అంటూ సీటు కింద ఇసుక మూట కడుతున్నాడు. రూల్స్ ఒప్పుకోవు, తీసెయ్యమన్నాను.

మూట విప్పడం మొదలుపెట్టాడు. పోయినసారి గూడా ఇట్లే కట్టినా మేడమ్మా అన్నాడు. ఎదలో పట్టేసినట్టుంది నిసారూ, ఎక్కువ ఎగరలేను అన్న్యాడు సారు. మరి ఆ మూటేమైందని అడిగాను. లైను కాడికి పోయినాక తానే విప్పి పారేసినాడు, మా ఆవిడ చూస్తే బండి దిగిపోతుంది, దొంగ మార్కులు ఆమెకొద్దు అన్న్యాడు అని చెప్పాడు.

నిజమే. దిగిపోయేదాన్ని.

17 జనవరి

ఆయన నాకూ చెప్పాడు.

ఆ ట్రయల్ రోజు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఎడమ పక్క నొప్పిగా ఉంది, ఇవాళ మానేద్దామా అన్నాడు. గ్యాసయ్యుంటుంది అన్నాను. ఎప్పుడూ పదో గుర్తు దగ్గరే ఆగిపోతున్నాం, ఈసారి పన్నెండూ ఎక్కాల్సిందే అన్నాను. బూట్లు తొడుక్కున్నాడు.

పదో గుర్తు దగ్గర జారింది. ఎగరండి, ఇంకా, ఇంకా, అని అరిచాను. ఎగిరాడు. పన్నెండూ ఎక్కాం. పైన నేను ఆయన ముఖం చూడలేదు. ఎక్కి వచ్చిన గుట్టను చూసుకుంటున్నాను.

డాక్టరు అది ఎప్పుడైనా జరిగేదే అన్నాడు. ఎప్పుడైనా అంటే ఆ రోజే కానక్కర్లేదు కదా. లేక, ఇంట్లో కూర్చోబెట్టినా ఆ రోజేనా? ఎమ్మే చదివాను. ఈ ఒక్కటి తేల్చుకోలేకపోతున్నాను.

29 జనవరి

వదిన నుంచి మళ్లీ ఉత్తరం. నువ్వేం దాచకు బిడ్డా. అంతే.

6 ఫిబ్రవరి, శుక్రవారం

వెళ్లాను. నిసార్ పక్కన కూర్చున్నాడు, మూట లేదు. తొమ్మిది దాకా బాగానే ఎక్కింది. పదో గుర్తు దగ్గర జారింది. చెప్పండి మేడమ్మా, ఎగరాల్నా అని నిసార్ నా నోటి వంక చూశాడు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాను. బండి ఆగింది. రివర్సు వేసి నిదానంగా దిగొచ్చాం. కింద అందరూ చప్పట్లు కొట్టారు, నేనేదో దుఃఖాన్ని తట్టుకున్నానని.

8 ఫిబ్రవరి

వదినకు రాశాను. నొప్పి అన్నాడు, విన్నాను, విని కూడా ఎగరమన్నాను.

పోస్టులో వేశాక డబ్బా సందులో చెయ్యి దూర్చి చూశాను. అందలేదు.