స్టేషన్ పెట్టిన పేర్లు

మొయినాబాద్, గురువారం రాత్రి

మా ఎఫ్‌ఎం మళ్లీ మారుతోంది. కూరగాయల రేట్లు చదివిన రోజుల్లో నేను లక్ష్మక్కను. సినిమా పాటలు మొదలయ్యాక లక్కీని, భక్తి కార్యక్రమాలు వచ్చాక శ్రీలక్ష్మిని. మారిన ప్రతిసారీ మేనేజరే కొత్త పేరు పెడతాడు.

సోమవారం నుంచి ప్లాట్ల వెంచర్ల ప్రకటనలు, మధ్యలో పాటలు.

"అన్నా, ఇప్పుడు నా పేరేంది?" అని అడిగాను.

"జర ఆగు, చెప్త," అన్నాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

సాయంత్రం దాకా చెప్పలేదు. వచ్చేముందు గోడ మీద డ్యూటీ చార్టు చూశాను. నా ఏడు గంటల గడిలో ఎప్పుడూ ఏదో ఒక పేరుండేది. సోమవారానికి 'పాటలు' అని మాత్రమే ఉంది. చేవెళ్ల బస్సెక్కి వచ్చేశాను.

ఇంటికి రాగానే అవ్వ రేడియో తుడుస్తూ అడిగింది: "సోమారం ఏం పేరుతోటి వస్తవు బిడ్డా?"

"జర ఆగవ్వా, చెప్త," అన్నాను.