స్టార్ట్ బటన్ ఉన్న రిమోట్

కృష్ణా జిల్లా మచిలీపట్నం గొడుగుపేటలో కాపురం ఉంటున్న, ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరైన కీర్తిశేషులు జ్ఞానయ్య గారి భార్య, అరవై నాలుగేళ్ళ ధనమ్మ అనే నేను, ముప్పై ఒక్క ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి బందరులో సగం ఆఫీసుల గుమాస్తాలకు వేళ్ళు కుదిర్చినదాన్ని, ఎవరి బలవంతమూ లేకుండా నా తెలుగు టైపు మిషను మీద నా పది వేళ్ళతో నేనే కొట్టుకున్న వీలునామా ఇది.

మనసు స్వస్థంగా ఉందని రాయాలని దస్తావేజు లేఖరి శేషగిరిరావు గారు చెప్పారు. బుర్ర స్వస్థంగా ఉందని రాస్తున్నాను. మోకాళ్ళు తప్ప ఒళ్ళు కూడా బాగానే ఉంది. మనసు గురించి మాత్రం ప్రమాణం చెయ్యలేను. పదేళ్ళుగా అందులో మా చెల్లెలు విజయకుమారి మీద ఈర్ష్య ఉంది.

ఇల్లూ బంగారమూ ఉన్నాయి గాని వాటికోసం ఎవరికీ తగువు లేదు. నేను తేల్చవలసింది ఒక్కటే. మా ఇంట్లో టీవీ ఆట ఉంది, దానికి రెండు రిమోట్లు ఉన్నాయి. వాటిలో మొదటిది ఎవరికి చెందాలన్నదే నా బాధ.

1. నేను ఉంటున్న డాబా ఇల్లు, వెనక ఖాళీ జాగా, నా వెండి బంగారాలు నా తదనంతరం నా ఒక్కగానొక్క కూతురు వినీలకు సర్వహక్కులతో చెందవలెను. వినీల గుడివాడలో ఉంటుంది కాబట్టి ఇల్లు అద్దెకిచ్చుకున్నా అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు. కొనేవాళ్ళు వంటింటి గుమ్మం వెడల్పు చేయించుకుంటే మంచిది. అక్కడ నిలబడితే ముందుగదిలో కూర్చున్నవాళ్ళ వీపులే కనిపిస్తాయి. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత అల్లుడు స్టీఫెన్‌ది.

2. ఇన్‌స్టిట్యూట్‌లో ఒకప్పుడు పదకొండు మిషన్లుండేవి. కంప్యూటర్లొచ్చాక తొమ్మిది పాత ఇనుము కిందకి పోయాయి. మిగిలిన రెండింటిలో తెలుగుది వినీలకు, ఇంగ్లీషుది స్టీఫెన్‌కు. అల్లుడుగారు కంప్యూటరు మీద రెండు చూపుడువేళ్ళతో, కోడి గింజలు ఏరుకున్నట్టు కొడతారు. మనిషి మీద కోపం లేదు, ఆ రెండు వేళ్ళ మీదే ఉంది. మిషను మూత మాత్రం ఆయనకు ఇవ్వడం లేదు. కారణం ఏడో అంశంలో ఉంది.

3. 1997లో మా ఆయన రిటైరైన నెలలోనే బెజవాడ వెళ్ళి టీవీ ఆట కొనుక్కొచ్చారు. ముప్పై ఏళ్ళు బందరు నుంచి అవనిగడ్డకు బస్సు నడిపిన మనిషికి, చేతిలో స్టీరింగ్ లేకపోతే అన్నం సయించలేదు. దాంతో వచ్చిన క్యాసెట్‌లో కార్ల పందెం ఉంది. రెండు రిమోట్లూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి గాని, స్టార్ట్ అనే చిన్న బటన్ మొదటి దాని మీదే ఉంది. మొదటిది పట్టుకున్నవాళ్ళు అది నొక్కితేనే ఆట మొదలవుతుంది. రెండోది పట్టుకున్నవాళ్ళు కూర్చుని ఎదురు చూడాలి. వీటిని కంట్రోలర్లనాలని అల్లుడుగారు అంటారు. మా ఇంట్లో రిమోట్లనే అన్నాం, ఇక్కడా అదే మాట.

4. చేతులు చూడ్డం నా వృత్తి. ముఖం చూసి మోసపోయానేమో గాని చేతులు చూసి ఎన్నడూ మోసపోలేదు. ఆ రిమోట్ పట్టుకున్న ప్రతివాళ్ళూ తమ బతుకు బయటపెట్టుకున్నారు. మా ఆయన బస్సులో కండక్టరుగా చేసిన కొండయ్య దాన్ని ఎడమచేతిలో టికెట్ల ట్రే పట్టినట్టు పట్టి, కుడిచేత్తో పంచ్ కొట్టినట్టు ఠక్కుఠక్కుమని కొట్టేవాడు. అతనికి ఆయన చేతిగడియారం ఇవ్వవలెను. మా సంఘ పెద్ద అబ్రహాము గారు పాటల పుస్తకంలాగా రెండు అరచేతుల్లో తెరిచి పట్టుకునేవారు. బటన్ నొక్కడం మర్చిపోయి, కారు గోడకు గుద్దుకోగానే "దేవుడి చిత్తం" అనేవారు. ఆయనకు పెద్దక్షరాల బైబిలు.

మా ఆయన సంగతి వేరే చెప్పాలా? అరచేతి వెడల్పు లేని ప్లాస్టిక్ ముక్కని బారెడు స్టీరింగ్‌లా పట్టేవారు. మలుపొస్తే చేతులూ భుజాలూ మెడా అటే వాలేవి. "ఇదిగో, మోపిదేవి మలుపు" అనేవారు. కుడికాలు బ్రేకు తొక్కేది. కాలి కింద కొబ్బరిపీచు పట్టా ఒకచోట అరిగి చిల్లు పడింది. ఆ పట్టా వినీల పారెయ్యకూడదు.

5. ఇక నేను. మొదటిరోజే నాకూ ఇచ్చారు. బొటనవేలికి స్పేస్ బారు తప్ప వేరే పని లేదని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని. ఆ రిమోట్‌లో పనంతా బొటనవేళ్ళదే. నా చేతులు ఒప్పుకోలేదు. దాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, వీపు నిటారుగా ఉంచి, వేళ్ళు వరసగా బటన్ల మీద ఆనించి కూర్చున్నాను. ఆయన పడీపడీ నవ్వి, "పిటిషన్ కొడుతున్నావా ధనం" అన్నారు. రిమోటే సరిగ్గా లేదన్నాను. "ఆడలేక మద్దెల ఓడంట" అన్నారు.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. మళ్ళీ పిలుస్తారని చూశాను. రెండుసార్లు పిలిచారు. మూడోసారి పిలిస్తే వెళ్దామనుకున్నాను. మూడోసారి విజయని పిలిచారు.

6. విజయ నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. భర్త పోయాక చిలకలపూడిలో రోల్డుగోల్డు పని చేసుకుని బతుకుతోంది. గొలుసు లింకులు అతికిన వేళ్ళు దానివి. రిమోట్ అరచేతికి తగలనిచ్చేది కాదు. వేలికొసలతో, పట్టుకారుతో పట్టినట్టు పట్టేది. బటన్ నొక్కినట్టే ఉండదు, కారు మాత్రం నీళ్ళలో చేపలా పోయేది. ఆ పట్టు అందంగా ఉంటుందని రాయడానికి నాకు ఇష్టం లేదు. వీలునామాలో అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి భోజనానికి వచ్చేది. నేను చేసిన చేపల పులుసు తిని, చెయ్యి కడుక్కుని, ఆయన పక్కన చాప మీద చతికిలబడేది. ఆయన స్టార్ట్ ఉన్న మొదటి రిమోట్ దాని చేతిలో పెట్టి తను రెండోది తీసుకునేవారు. ఎప్పుడూ అంతే. అది "రైట్ రైట్" అని స్టార్ట్ నొక్కేది. ఇక "బావా బ్రేకు, బావా బ్రేకు" అని దాని కేకలు, "మరదలా, అడ్డం రాకు" అని ఆయన కేకలు. నేను అంట్లు తోముకుంటూ వినేదాన్ని. ఏడ్చే మగవాణ్ణీ నవ్వే ఆడదాన్నీ నమ్మకూడదంటారు. నా చెల్లెలు నవ్వే ఆడది.

వాళ్ళ మధ్య తప్పు ఉందని నేను ఏనాడూ అనుకోలేదు. తప్పుంటే నాకు తేలికగా ఉండేది, వీధి వినేలా అరిచి ఉండేదాన్ని. బావా మరదళ్ళు ఆట ఆడుకున్నారని ఎవరితో చెప్పుకోను? ఆయన నవ్వేటప్పుడు ముఖం ఎలా ఉండేదో పక్కనుంచి చూసింది అది. నేను చూసింది వీపు. సొంత ఇంట్లో నాకు రెండో రిమోట్ కూడా దక్కలేదని కడుపు మండిపోయింది. నాలుగేళ్ళు మండింది.

7. ఈ అంశం నేను ఎవరికీ చెప్పనిది. 2001 జూలై 15, ఆదివారం, విజయ ఇంటికి వెళ్ళాక, ఆయన చర్చి కమిటీకి వెళ్ళినప్పుడు, మొదటి రిమోట్ తీగ ఊడపీకి ఇంగ్లీషు మిషను మూతలో, లోపలి వైపు, టేపు వేసి అతికించాను. రిమోట్ పోలేదు. నేనే దాచాను.

ఆయన ఇల్లంతా వెతుక్కున్నారు. నేను "చివరిసారి పట్టుకున్నది విజయే కదా" అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అవసరం కూడా లేకపోయింది. ఆ మాట దాని చెవిన పడింది. తర్వాతి ఆదివారం వచ్చి, తన సంచీ మంచం మీద బోర్లించి, "చూసుకో అక్కా" అంది. అందులో కళ్ళజోడు, పాటల పుస్తకం, చిన్న పట్టుకారు, నాకోసం తెచ్చిన అరడజను నిమ్మకాయలు ఉన్నాయి. అవి మళ్ళీ సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది. నిమ్మకాయలు మాత్రం వదిలేసింది.

స్టార్ట్ లేని రిమోట్‌తో ఆట మొదలవదు. అయినా ఆయన సాయంత్రాలు టీవీ పెట్టుకుని కూర్చునేవారు. ఎవరూ నొక్కకపోతే ఆ ఆట తనంతట తనే నమూనాకి కార్లు నడిపి చూపిస్తుంది. ఆయన రెండో రిమోట్ పట్టుకుని, తన మాట వినని కారుతో పాటు మలుపుల్లో వాలేవారు, బ్రేకు తొక్కేవారు. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. తీసి ఇచ్చెయ్యడానికి పది అడుగులు చాలు. ఇస్తే దొంగని నేనే అవుతాను. రేపు ఇద్దాం, ఎల్లుండి ఇద్దాం అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపాను. 2002 మార్చిలో ఆయన పోయారు. దొరికిందా అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఎందుకు అడగలేదా అని ఇప్పటికీ భయమేస్తుంది.

భూస్థాపన నాడు కొండయ్య నా దగ్గర కూర్చుని ఏడుస్తూ, "అన్న తనంతట తను ఏనాడూ బండి కదపలేదు టీచరమ్మా. ఖాళీ బండైనా సరే, నేను రైట్ రైట్ అంటేనే" అన్నాడు. అప్పుడు తెలిసింది. మొదటి రిమోట్ ఇచ్చింది మరదలికి కాదు, కండక్టరుకి. స్టార్ట్ ఇంకొకరి చేతిలో ఉండాలి, అదే ఆయన అలవాటు. నేను లేచి వెళ్ళకుండా ఉంటే అది నా చేతిలోనే ఉండేది. నేను నాలుగేళ్ళు కుళ్ళుకున్నది ఒక కండక్టరు సీటు కోసం.

8. కావున ఆ మొదటి రిమోట్, అది దాగిన మిషను మూతతో సహా, నా తదనంతరం నా చెల్లెలు విజయకుమారికి చెందవలెను. ఆమె దొంగ కాదని ఏడో అంశం సంఘంలో అబ్రహాము గారు పైకి చదవవలెను. రెండో రిమోట్ ఎవరికీ రాయను. ఆయన చేతులు పట్టింది అదే. దాన్ని నన్ను పూడ్చే పెట్టెలో నా చేతుల కింద పెట్టాలి. వెల్లకిలా, బల్ల మీద పెట్టినట్టు పెట్టాలి.

ఇంతవరకు టైపు కొట్టినది. ఇక్కడినుంచి నా చేతిరాత.

ఆ ఆదివారాల్లో ఈ ఇంట్లో జరిగింది చూసినవాళ్ళలో నేను కాక విజయ ఒక్కతే మిగిలిందని, సాక్షి సంతకానికి దాన్ని తీసుకురమ్మని వినీలకు చెప్పాను. శేషగిరిరావు గారు కాగితం చూసి, "సాక్షి సంతకం పెట్టినవాళ్ళకి ఇందులో రాసింది చెల్లదండీ టీచరుగారూ. ఆమెకి వస్తువు కావాలంటే ఇంకొకర్ని పిలవండి" అన్నారు. అంటే ఇంకొకర్ని పిలిస్తే రిమోట్ దానికి వస్తుంది, ఏడో అంశం నేను పోయాక చదువుతుంది. పోయినవాళ్ళ మీద ఎవరూ కోప్పడరు. ఆ దారి నాకు చాలా సుఖం. విజయే సంతకం పెడితే అదంతా ఇవాళ, నా ఎదురుగా చదవాలి. శేషగిరిరావు గారు రెండు గ్లాసుల మజ్జిగ తాగేదాకా నేను తేల్చుకోలేకపోయాను.

చివరికి కాగితం విజయ చేతిలో పెట్టాను. వేలికొసలతోనే పట్టుకుంది. ఆరో అంశం దగ్గర పెదవి కొద్దిగా కదిలింది. ఏడో అంశం రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి, "ఆరేళ్ళు అక్కా" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. నేను మూత తీసుకొచ్చి టేపు పీకి రిమోట్ ఇచ్చాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "పనిచేస్తుందా ఇంకా?" అంది.

వినీల తీగలు తగిలించింది. నేను రెండోది బల్ల మీద పెట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, నాకు వచ్చినట్టే కూర్చున్నాను. విజయ చూసి నవ్వింది. నేను లేవలేదు. "రైట్ రైట్" అని అదే స్టార్ట్ నొక్కింది. ఆయన పక్కన అన్న మాట దాని నోట మళ్ళీ వినేసరికి ఒళ్ళు మండింది, ఇప్పుడు కూడా. మూడు ఆటలూ అదే గెలిచింది.

ఎనిమిదో అంశంలో మొదటి రిమోట్ గురించి, మూత గురించి రాసినది కొట్టివేయడమైనది. కొట్టివేత నాదే. ఆ వస్తువులు ఈ రోజే చేతికి ఇచ్చివేసినందున అవి నా ఆస్తిలో లేవు. తక్కినదంతా యథాతథంగా అమలు జరగవలెను.

మచిలీపట్నం, 17 నవంబరు 2007, శనివారం.

(సంతకం) ధనమ్మ

వీలునామా కర్త మా ఎదుట సంతకం చేసినది. సాక్షులు:

1. శేషగిరిరావు, దస్తావేజు లేఖరి, మచిలీపట్నం.

2. విజయకుమారి, రోల్డుగోల్డు పని, చిలకలపూడి. వీలునామా కర్తకు చెల్లెలు. ఇందులో ఈమెకు రాసినది ఏమీ లేదు.