సైటుకి పెట్టిన బొట్టు

మహారాజశ్రీ దొరబాబు బావగారి దివ్యసముఖానికి, గోపాలపట్నం నుంచి మీ బావమరిది మండిపోతూ రాయునది.

అక్క తన ఎయిర్ రైఫిల్‌కి జర్మనీ నుంచి పోస్టులో తెప్పించుకున్న, గొట్టం మీద బిగించి గురి చూసే సైటు, కస్టమ్స్‌లో నెలల తరబడి పడుండి, సరిగ్గా ఆయుధపూజ నాడు మీ ఉక్కునగరం క్వార్టర్‌కి చేరింది. ప్లాంటులో మీ పానాలకీ సుత్తులకీ పెట్టినట్టే, అక్క ఇంట్లో లేనప్పుడు దానికీ పసుపు బొట్టు పెట్టారు. భక్తి మంచిదే.

కానీ బావా, అందులో కన్ను పెట్టి చూసే కన్నం ఆవగింజంత. చుట్టూ అంత ఖాళీ వదిలేసి బొట్టు ఆ కన్నంలోకే ఎలా దిగింది? మా షూటింగ్ క్లబ్బులో ఎవరికీ ఇంత గురి లేదు. పైగా పసుపులో జిగురు కలపమని ఏ పంతులు చెప్పాడు?

“ఆడమనిసికి తుపాకీతో పనేటి” అని మీరన్నప్పుడల్లా అక్క నవ్వి ఊరుకునేది. ఈసారి నవ్వలేదు. బట్టలు సర్దుకుని మా ఇంటికొచ్చేసింది.

ఆదివారం జట్టు సెలక్షన్స్‌లో పాత సైటుతోనే కొడుతుంది. గెలిస్తే మెచ్చుకోడానికో, ఓడితే తీసుకుపోడానికో మీరు బయల్దేరొద్దు. రెండింటికీ తలుపు తీసేది లేదని అక్కే రాయమంది.

ఇట్లు,
ఇన్నాళ్ళూ మీ జోకులకి మొహమాటానికి నవ్విన బావమరిది