పాత దారి అన్నందుకు

పన్నెండో తారీఖు, బుధవారం, పొద్దున

జంతువుల లెక్క రాసే అమ్మాయికి,

ఆరు నెలలు నీతో కొండవాలు తిరిగిన బాబాయి ఆశీర్వదించి రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను, మోకాలి సంగతి మాత్రం అడక్కు. నువ్వూ మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటే దిద్దుకో.

మీరు తయారుచేసిన ప్లాను ఊరి ఆఫీసు గోడకు అంటించారు. సోమవారం పెద్దాఫీసరు సంతకం పెడతాడట. ఆకుపచ్చ గీతలున్నవి జంతువుల దార్లని, అక్కడ కంచె వేయకూడదు, ఇల్లు కట్టకూడదని చదివి చెప్పారు. తక్కిన చోట ఎవరిష్టం వాళ్లది. వాగు పక్క దారికి ఆకుపచ్చ లేదు. దాని మీద పాత దారి, వాడుకలో లేదు అని ఉంది.

పాత దారి అన్న మాట నాదే. ఆ రోజు మీటింగులో మ్యాపు బల్ల మీద పరిచి, ఇదేమిటి బాబాయ్ అని అడిగావు. పాత దారి అన్నాను. మా మాటల్లో పాత దారంటే ఎన్నేళ్లయినా తప్పకుండా నడిచేది. తల్లి జింక పిల్లకు చూపించేది. నువ్వేమో వదిలేసిన దారనుకున్నావు. పాత చెప్పులంటే పారేసేవే కదా, నీ తప్పేముంది. మీ సర్వేయరు నవ్వి, ఈయన నోట్లోంచి మాట రావాలంటే రెంచీ పెట్టి తిప్పాలి మేడమ్, వచ్చినకాడికి రాసుకోండి అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ దారికి అడ్డంగా వేసిన కొత్త ముళ్లతీగలో నిన్న చూడి జింక ఒకటి చిక్కుకుంది. నేనే వెళ్లి కాలికి చుట్టుకున్న తీగ తెంపాను. కుంటుకుంటూ వెనక్కి పోయింది. కాసేపటికి మళ్లీ వచ్చి ఆ కంచె ముందే నిలబడింది. దానికి ఇంకో దారి తెలియదమ్మా.

సంతకం పడేలోపు ఆ గీత ఆకుపచ్చ చెయ్యి. నేను వచ్చి అందరి ముందూ చెబుతాను. ఈసారి రెంచీ అక్కర్లేదని సర్వేయరుతో చెప్పు.

ఇట్లు,
నీ బాబాయి

తా.క. పైన ఒక సంగతి దాచాను. ఆ రోజు నువ్వు రాసింది పైకి చదివి, అంతేనా బాబాయ్ అని మళ్లీ అడిగావు. తప్పు రాశావని నాకు అప్పుడే తెలిసింది. సిగ్గుపడి మాట్లాడలేదని మీరంతా అనుకున్నారు. సిగ్గు కాదు. ఆ దారి మా అమ్మాయి పొలంలోంచి పోతుంది. ఇంటికి పునాది తవ్వించుకుంది. ఆ కంచె తనదే. అది వేసేటప్పుడు తీగ లాగి పట్టుకున్నది నేనే. ఇదంతా తనతో నోటితో చెప్పలేకపోయాను. అందుకని కవరు అంటించకుండా, చదివి పోస్టులో వేయమని తన చేతికే ఇస్తున్నాను. ఈ ఉత్తరం నీకు అందిందంటే, మా అమ్మాయి వేసిందనుకో.