స్పోర్ట్స్ కారులో గిన్నెల పీచు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బోయిగూడలో మన మెకానిక్ షెడ్డు బాగానే నడుస్తోంది.

పోయిన ఎండాకాలం మాదాపూర్ సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒకడు ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. "పికప్ పోయిందన్నా, సిగ్నల్ కాడ వణుకుతుంది" అన్నాడు. పాత అలవాటు కొద్దీ ట్యాంకులో క్లీనింగ్ మందు పోశాను. రెండుసార్లు పోసినా తేడా లేదు. విప్పి చూస్తే వాల్వుల మీద మాడిన అట్టులా కార్బన్. ఈ ఇంజన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి పోతుంది, వాల్వులను కడగదు. ఇంజన్ వదిలే ఆయిల్ ఆవిరి వాటి మీదే పేరుకుని మాడిపోతుంది.

గీకి శుభ్రం చేశాక నీ అంబాసిడర్ గుర్తొచ్చింది. ఆ ఆవిరి గొట్టం మధ్యలో నువ్వు డబ్బా బిగించి, లోపల గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కేవాడివి, ఆవిరి దానికి తగిలి నూనెగా కారిపోవాలని. వదిన కొత్త పీచు కొన్న రోజే అది మాయమయ్యేది. నేను నవ్వేవాణ్ణి. ఈసారి ఆ ఎర్ర కారుకు అలాంటి డబ్బా నేనే పెట్టాను.

నిన్న ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. డబ్బా అడుగున నల్లటి నూనె చేరింది, వాల్వులు శుభ్రంగా ఉన్నాయి.

"ఏడ దొరుకుతదన్నా ఇది?"

"దొరకది. మా అన్న చేసేటోడు."

వాళ్ల ఆఫీసులో ఇంకొకరికీ కావాలట.

పొద్దున వంటింట్లోకి వెళ్లాను. వదిన ఇప్పటికీ రెండు పీచులు పెడుతోంది, గిన్నెలకొకటి, నీకొకటి. కొత్తది తీశాను.

"మళ్లా షురూ చేసిన్రా అన్నదమ్ములు?" అంది.

ఆ తిట్టులో సగం నీది. అందుకే రాస్తున్నాను.